30 లీటర్లు పట్టే నేలకు 192 లీటర్లు: ఎర్ర గరుసు భూమిలో ఒక చీనీ తోట

నేపథ్యం

ఈ చీనీ (బత్తాయి) తోట ఉమ్మడి అనంతపురం జిల్లాలోనిది. రైతు పేరు, ఊరి పేరు, తోటను గుర్తుపట్టడానికి వీలిచ్చే మరికొన్ని వివరాలు వదిలేశాను. నేల, నీటి యాజమాన్యంపై రైతులకు సలహాలిచ్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఒక సలహా ఎందుకు ఫలించిందో, అంతకు ముందు నేనే ఇచ్చిన మరో సలహా ఎందుకు బెడిసికొట్టిందో లెక్కలతో సహా తేటతెల్లంగా కనిపించిన తోట ఇది కాబట్టి దీని గురించి వివరంగా రాస్తున్నాను.

మొత్తం 3 ఎకరాలు. రంగపూర్ నిమ్మ వేరుమూలంపై అంటుకట్టిన సాతుగుడి రకం, 6 మీటర్ల ఎడంతో నాటారు కనుక ఎకరాకు 112 చెట్లు పట్టాయి. నేను మొదటిసారి వెళ్లేనాటికి చెట్ల వయసు ఐదేళ్లు, కాపు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. నేల ఎర్రగా, ఇసుకపాలు ఎక్కువగా, కాలితో గీస్తే గరుసు రాళ్లు పైకి తేలేలా ఉంటుంది. ఆ ప్రాంతంలో ఏడాదికి పడే వాన 550 మి.మీ. దాపుననే ఉంటుంది, అందులో సెప్టెంబరు నెలదే పెద్ద వాటా. జనవరి నుంచి మే వరకు తోట పూర్తిగా బోరు నీటిమీదే బతకాలి. సాతుగుడి జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూతకు వచ్చి పిందె కట్టే కాలం కూడా సరిగ్గా అదే.

బోరు ఒక్కటే ఉంది. వేసవిలో అది ఎంత పోస్తోందో రైతుకు అంచనాగా తెలుసు గానీ ఎవరూ కొలవలేదు. 200 లీటర్ల డ్రమ్మును గొట్టం కింద పెట్టి కొలిస్తే ఏప్రిల్‌లో అది నిండడానికి 200 సెకన్లు పట్టింది, అంటే గంటకు 3,600 లీటర్లు. ప్రతి చెట్టుకు గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు నాలుగు, మొదలుకు చేరువలో, ఉన్నాయి. ఆ లెక్కన ఒకసారికి ఒక ఎకరాకే నీరు సరిపోతుంది. రోజుకో ఎకరా వంతున, ఒక్కో ఎకరాకు 6 గంటలు, మూడు రోజులకు ఒక చుట్టు నీరు పెడుతున్నారు.

ఎదురైన సమస్య

నీరు పెట్టిన రోజు, మరునాటి ఉదయం చెట్లు బాగానే ఉంటాయి. రెండో రోజు మధ్యాహ్నానికి ఆకులు దోనెల్లాగా లోపలికి ముడుచుకుంటాయి. మూడో రోజుకు పిందె రాలుతుంది. "ఈ మన్ను నీళ్లు పట్టుకోదు సార్, ఎన్ని పోసినా తాగేస్తాది" అని రైతు చెప్పిన మాట నా నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. రెండో బోరు వేయించాలా అన్నది ఆయన అసలు ప్రశ్న. ఆ చుట్టుపక్కల కొత్త బోర్లు ఎన్ని ఎండిపోయాయో ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఉన్న నీటితోనే గట్టెక్కే దారి చూడమని అడిగారు.

నేను వెళ్లేసరికే ఆయన రెండు ప్రయత్నాలు చేసి ఉన్నారు. ఎకరాకు ఏటా రెండు ట్రాక్టర్ల పశువుల ఎరువు తోలుతున్నారు. అంతకుముందు సంవత్సరం, నీటిని పీల్చి దాచుకునే హైడ్రోజెల్ గుళికలను చెట్టుకు 50 గ్రాముల చొప్పున మొదళ్ల దగ్గర పాతారు. మొదటిదాని ఫలితం అంతంతమాత్రం, రెండోదాని ఫలితం అసలు కనిపించలేదు.

ఏ మందు ఎందుకు పని చేయలేదో తెలియకుండా మరో మందు చెప్పడం సరికాదని హైడ్రోజెల్ సంగతి అక్కడే తేల్చుకున్నాం. మిగిలిన పొట్లంలోంచి ఒక గ్రాము బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో, ఒక గ్రాము బోరు నీటిలో, రెండు స్టీలు గిన్నెల్లో వేసి సాయంత్రం దాకా ఉంచాం. మొదటి గిన్నెలోది పొంగి, గరిటెతో తీస్తే జారిపోయేంత జావలా తయారైంది. గుడ్డలో వడకట్టి తూస్తే 300 గ్రాములకు అటూ ఇటూగా తూగింది. బోరు నీటిలోది సగ్గుబియ్యం గింజల్లాగా విడివిడిగా నిలిచింది, 110 గ్రాములే తూగింది. నీటిలో ఉప్పులు పెరిగే కొద్దీ ఈ పదార్థాల పీల్చే శక్తి బాగా తగ్గిపోతుంది. బోరు నీటి లెక్కన 50 గ్రాములు పట్టుకునేది ఐదున్నర లీటర్లు, అది కూడా పైన మట్టి బరువు లేనప్పుడు. వేసవిలో ఆ వయసు చెట్టు రోజుకు 30 లీటర్లకు పైగా తాగుతుంది. ఆ గుళికలు పూర్తిగా పనిచేసినా పూటకు కూడా చాలేవి కావు. నర్సరీ సంచుల్లో, కుండీల్లో వాటికి ప్రయోజనం ఉంది. తోటలో వాటిని నమ్ముకోవడానికి ముందే ఈ గుణకారం చేసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

నేను చెప్పిన మొదటి పరిష్కారం, అది విఫలమైన తీరు

రైతు దగ్గర భూసార పరీక్ష పత్రం ఉంది. ఇసుక గరప నేల, సేంద్రియ కర్బనం 0.31 శాతం అని అందులో రాసి ఉంది. అది చూసి నేను తీసుకున్న నిర్ణయం ఇది: నేలలో బంకమట్టి పాలు తక్కువ, కాబట్టి నీరు నిలవదు; బంకమట్టి కలపాలి; చెరువు ఒండు (చెరువు అడుగున చేరిన సన్నమట్టి) తోలాలి. రాయలసీమలో, తెలంగాణలో తరతరాలుగా ఉన్న పద్ధతే అది. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని ఒండును పొలాలకు తోలుకున్నారు. మే నెలలో ఊరి చెరువు ఎండి ఉంది. ఒక ఎకరాలో మాత్రం చేద్దామని చెప్పి, చెట్ల పాదుల్లో అరడుగు మందాన ఒండు పరిపించాను.

జూన్ మొదటి వానకే తప్పు బయటపడింది. పైన వేసిన ఒండు తడిసి, ఆరి, పలకలు పలకలుగా బిగుసుకుంది. మరో వాన పడితే నీరు ఆ పలకల మీదుగా పాదు దాటి బయటికి పారిపోయింది, పలకల మధ్య నెర్రెల్లోంచి కొంత నేరుగా కిందికి దిగింది. గడ్డపలుగుతో ఒక పలకను ఎత్తి చూశాను. ఒండు బొటనవేలి మందాన తడిగా ఉంది. దాని కింద ఎర్రమన్ను పొడిగా, వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. సన్నని రేణువులున్న మట్టి ముతక మట్టి మీద పొరగా కూర్చుంటే, పైపొర బాగా తడిసి నిండే దాకా నీరు కింది పొరలోకి దిగదు. సన్నటి సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, కింది పెద్ద సందులు దాన్ని లాగలేవు. ఈ విషయం నాకు పుస్తకంలో తెలుసు. ఒండును మట్టితో కలపకుండా పైన పరిపించినప్పుడు అది నాకు గుర్తుకు రావలసింది.

దానికంటె పెద్ద నష్టం ఆగస్టులో కనిపించింది. కొన్నిచోట్ల కూలీలు ఒండును కాండానికి ఆనించి, అంటుకట్టిన చోటు దాకా ఎగదోశారు. తడి ఒండు ఆనిన 9 చెట్లకు కాండం మీద బెరడు పగిలి బంక కారసాగింది. చీనీలో బంక తెగులుకు ఇంతకంటె అనువైన పరిస్థితి లేదు. వెంటనే ఒండు వెనక్కి లాగించి, కుళ్లిన బెరడు గీకించి, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) పూయించాం. 7 చెట్లు కోలుకున్నాయి, 2 చెట్లు పోయాయి. కాండం చుట్టూ అడుగు వెడల్పు ఖాళీగా ఉంచమని కూలీలకు నేను దగ్గరుండి చూపించలేదు. ఆ రెండు చెట్లు నా వల్ల పోయినవే.

గుంత తీశాక కనిపించింది

ఏప్రిల్‌లోనే చేయవలసిన పని ఆగస్టు చివరలో చేశాం. మూడు చోట్ల, చెట్టు పాదు అంచున, మనిషి నడుము లోతు గుంతలు తీశాం. పై 15 సెం.మీ. ఇసుక కలిసిన ఎర్రమన్ను. అక్కడి నుంచి 45 సెం.మీ. దాకా గరుసు, గులకరాళ్లు కలిసిన మన్ను. తవ్విన మన్నును జల్లెడ పట్టి డబ్బాలతో కొలిస్తే మూడో వంతు రాయే. ఆ కింద పసుపు తిరిగిన మొరం. సన్నటి పీచు వేళ్లు దాదాపుగా 45 సెం.మీ. లోపే ఆగిపోయాయి.

పరీక్ష పత్రంలో ఈ గరుసు ఎందుకు లేదు? ప్రయోగశాలలో మట్టిని 2 మి.మీ. జల్లెడ పట్టి, కిందికి దిగిన మట్టినే పరీక్షిస్తారు. పైన మిగిలిన రాయి లెక్కలోకి రాదు. పైగా నమూనాను మామూలుగా పై జానెడు మట్టి నుంచే తీస్తారు. పత్రంలో తప్పు లేదు. అది చెప్పని విషయాన్ని దానిలో చదువుకున్నది నేను.

ఆ గుంత అంచునే కూర్చుని ఈ లెక్క వేశాం. ఒక డ్రిప్పరు కింద గోడ కోసినట్లు తవ్వి చూస్తే తడి రెండడుగుల వెడల్పున, అంటే 60 సెం.మీ., దిగి ఉంది. ఆ కొలతతో నాలుగు డ్రిప్పర్లు తడిపే నేల 1.1 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. వేళ్లున్న లోతు 45 సెం.మీ. కాబట్టి తడిసే మట్టి అర ఘనమీటరు. ఇలాంటి ఇసుక గరప మట్టి చెట్టుకు అందేలా పట్టి ఉంచగల నీరు దాని ఘనపరిమాణంలో సుమారు 9 శాతం. అందులో మూడో వంతు రాయి కనుక 6 శాతం. అర ఘనమీటరులో 6 శాతమంటే 30 లీటర్లు. 6 గంటల్లో నాలుగు డ్రిప్పర్లు పోసేది 192 లీటర్లు.

30 లీటర్లు పట్టే చోట 192 లీటర్లు పోస్తున్నాం. నీరు పెడుతున్న గంటల్లో చెట్టు తాగింది తీసివేసినా 150 లీటర్ల పైచిలుకు మొరంలోకి దిగిపోతోంది. నిలిచిన 30 లీటర్లలో కూడా మొదటి సగమే చెట్టు సులువుగా తీసుకోగలదు. రెండో రోజు మధ్యాహ్నం ఆకు ముడుచుకోవడానికి ఇంతకంటె వేరే కారణం వెతకనక్కరలేదు. "నేల నీళ్లు పట్టుకోదు" అన్న రైతు మాటలో నిజం సగమే. పట్టుకోగలిగినంత అది పట్టుకుంటోంది; మేము దాని కడుపెంతో చూడకుండా పోస్తున్నాం.

పశువుల ఎరువు ఫలితం అంతంతమాత్రంగా ఎందుకుందో కూడా ఇక్కడే అర్థమైంది. సేంద్రియ కర్బనం పెంచితే నేల నీటిని ఎన్నో రెట్లు దాచుకుంటుందని మా రంగంలో చాలామంది నమ్మకంగా చెబుతారు, నేనూ చెప్పేవాణ్ణి. సిడ్నీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అనేక దేశాల కొలతలను క్రోడీకరించి 2018లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, కర్బనం 1 శాతం పెరిగితే 100 మి.మీ. మందం నేలలో మొక్కకు అందే నీరు సగటున 1 మి.మీ. పైచిలుకు మాత్రమే పెరుగుతుంది. ఇసుక నేలల్లో ఇంకొంచెం ఎక్కువ. ఈ తోటలో కర్బనాన్ని 0.31 నుంచి 0.6కు తేవడానికే ఏళ్లు పడుతుంది, తెచ్చాక చెట్టుకు కలిసొచ్చేది రెండు మూడు లీటర్లు. ఎరువు వద్దని నా ఉద్దేశం కాదు. ఎరువు మట్టిని గుల్లబరుస్తుంది, పైన పెచ్చు కట్టకుండా కాస్తుంది, వాన నీరు లోపలికి దిగడానికి దారి ఇస్తుంది, చెట్టుకు పోషకాలనిస్తుంది. ఆ పనులకు అది కావాలి. నీటి నిల్వ పెంచే పనిని మాత్రం దాని నెత్తిన పెట్టకూడదు.

పనిచేసినవి, వాటి వెనుక ఆలోచన

నేల కడుపు చిన్నదని తేలాక మూడు దారులు మిగిలాయి: తడిసే మట్టిని పెంచడం, ఆ మట్టి పట్టే నీటిని పెంచడం, పట్టిన నీరు ఎండకు పోకుండా కాపాడడం. ఖర్చు తక్కువది, తక్షణం ఫలితమిచ్చేది మొదటిది కనుక దానితోనే మొదలుపెట్టాం.

గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు తీసేసి, 4 లీటర్లవి ఎనిమిది పెట్టించాం. చెట్టుకు గంటకు అందే నీరు మారలేదు, 32 లీటర్లే. అందువల్ల మోటారు, మెయిన్ పైపులు, గేటువాల్వులు వేటినీ ముట్టుకోనవసరం లేకపోయింది. మొదలుకు 80 సెం.మీ. దూరంలో సన్నపైపును గుండ్రంగా చుట్టి, రెండడుగులకొక డ్రిప్పరు వచ్చేలా గుచ్చాం. ఒక తడి మచ్చ అంచు పక్కదాని అంచును తాకుతుంది. పీచు వేళ్లు చాలావరకు ఉండేది కూడా ఆ వలయంలోనే, కాండం మొదట్లో కాదు. తడిసే మట్టి రెట్టింపు దాకా పెరిగింది కనుక నేల పట్టేది 50 లీటర్ల పైకి చేరింది. అప్పుడు మూడు రోజులకోసారి 6 గంటలకు బదులు, రోజూ గంటన్నర పెట్టమన్నాను: 48 లీటర్లు. రోజుకు మూడు ఎకరాలకు కలిపి నాలుగున్నర గంటలు.

రైతుకు ఇది మింగుడుపడలేదు. గంటన్నరకు పైన చారెడంతే తడి కనిపిస్తుంది, చెట్టుకు ఏం సరిపోతుందని ఆయన అనుమానం. అది న్యాయమైన అనుమానమే, ఎందుకంటే డ్రిప్పరు కింద పైకి కనిపించే తడికి, లోపలి తడికి పొంతన ఉండదు. వాదించడం కంటె, గంటన్నర అయ్యాక మోటారు ఆపించి, ఒక డ్రిప్పరు పక్కనే అడుగున్నర లోతు తవ్వి చూపించాను. తడి 40 సెం.మీ. దాటి దిగింది. ఆ మన్ను పిడికిట పడితే ముద్దయింది, ముద్దను చిదిమితే వేళ్లకు తడి అంటింది. ఆ తరువాత వారం రోజులు ఆయన రోజూ ఒక చెట్టు దగ్గర తానే తవ్వి చూసుకున్నారని వాళ్లావిడ చెప్పారు.

రెండో పని, విఫలమైన ఒండును సరైన పద్ధతిలో వాడడం. ఈసారి ముందుగా ఒండును పరీక్షించాం. చౌడు లేదని పరీక్షలో తేలింది. ఒక గాజు సీసాలో పిడికెడు ఒండు, నీళ్లు పోసి గిలకొట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే అడుగున ఇసుక పొర పలచగానే కూర్చుంది, తక్కినదంతా సన్నమట్టి. అక్టోబరులో కాయ కోత ముగిశాక, ఈశాన్య రుతుపవనాల వానలు ఉండగా, 20 చెట్లకు మాత్రమే చేశాం. చెట్టుకు పడమటి వైపు మొదలుకు 60 సెం.మీ. నుంచి మీటరు దాకా అర్ధచంద్రాకారంలో, 40 సెం.మీ. లోతున తవ్వి, తీసిన మన్నును ఇనుప జల్లెడ మీద వేసి పెద్ద గరుసును ఏరివేశాం. ఎంత రాయి బయటికి వచ్చిందో అంత ఒండు, పైన రెండు తట్టల మాగిన ఎరువు వేసి, మన్నులో పలుగుతో బాగా కలగలిపి తిరిగి నింపాం. ఒండు పొరగా మిగలకుండా కలిసిపోవడమే ఇక్కడ అసలు మెలకువ.

సగం వలయమే ఎందుకంటే, గాడి తీస్తే వేళ్లు తెగుతాయి. రెండు వైపులా ఒకేసారి తెంపితే చెట్టు తట్టుకోలేదు. రెండో సగం మరుసటి అక్టోబరుకు వదిలాం. వేసవిలో ఈ పని చేస్తే తెగిన వేళ్లతో చెట్టు ఎండకు నిలవదు. కోత అయిపోయి, నేల తడిగా ఉండి, కొత్త వేళ్లు పుట్టే వ్యవధి ఉన్న కాలం అక్టోబరే.

ఒండు లెక్క కూడా రాస్తాను. చెట్టుకు సగం వలయంలో కదిలించే మట్టి 0.4 ఘనమీటర్లు, అందులో చేరే ఒండు 0.1 ఘనమీటరు, అంటే ఇంచుమించు 120 కిలోలు. ఎకరాకు 112 చెట్లకు పదమూడున్నర టన్నులు మించదు. నాలుగైదు ట్రాక్టర్లు చాలు. చేనంతా పరిస్తే ఆ ఐదు ట్రాక్టర్ల ఒండు కంటికి కూడా ఆనదు. ఒండు ఉచితంగానే దొరుకుతుంది, ట్రాక్టరు బాడుగే అసలు ఖర్చు. కాబట్టి వేరున్న చోటనే దాన్ని వేయడం డబ్బు లెక్కన కూడా సరైనది. గరుసు తగ్గి, సన్నమట్టి పెరిగిన ఆ 0.4 ఘనమీటర్లు ఇదివరకు 24 లీటర్లు పట్టేవి. ఇప్పుడు నా అంచనాలో 45 లీటర్ల దాకా పడతాయి. కూలి మాత్రం చాలా పడింది. ఇద్దరు మనుషులు రోజంతా చేస్తే ఐదారు చెట్ల కంటె ఎక్కువ కాలేదు.

మూడోది, శెనక్కాయ (వేరుశనగ) పొట్టు. జనవరిలో, నేల బాగా తడిపిన మరునాడు, డ్రిప్పర్ల వలయం మీద నాలుగు వేళ్ల మందాన పొట్టు పరిచాం, కాండం చుట్టూ అడుగు ఖాళీ వదిలి. పొడి నేల మీద పొట్టు పరిస్తే పొడినే కాపాడుతుంది, అందుకే ముందు తడపడం. పొట్టును మట్టిలో కలపనివ్వలేదు. అందులో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. కలిపితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడుకుంటాయి, ఆకు పచ్చదనం తగ్గుతుంది. పైన ఉన్నంతవరకు ఆ బాధ లేదు.

ఏప్రిల్ ఎండలో, నీరు పెట్టి ఒక రోజు గడిచాక, పొట్టు ఉన్న చోట, లేని చోట మట్టి తీసి, తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి మళ్లీ తూచాం. పై 10 సెం.మీ. మట్టిలో పొట్టు కింద 8 శాతం తడి, ఖాళీగా ఉన్న చోట 3 శాతం. కానీ ఈ అంకెల కంటె ముందే రైతు భార్య ఆ సంగతి పట్టుకున్నారు. పొట్టును చేత్తో పక్కకు నెట్టి, వేలు మన్నులోకి గుచ్చి, "చూడు సార్, పొద్దుగూకేదాకా ఇట్లే సల్లగా ఉంటాది, వేర్లు పైకే వచ్చిండాయి" అన్నారు. నిజమే, తెల్లటి లేత వేళ్లు పొట్టుకు, మన్నుకు మధ్య అల్లుకుని ఉన్నాయి. ఇంతకు మునుపు ఎండకు మాడిపోయే ఆ పై పొర కూడా చెట్టుకు అక్కరకు వచ్చిందన్నమాట. ఆ వేళ్లను చూశాకనే, వేసవి మధ్యలో పొట్టు తీసేయకూడదని గట్టిగా చెప్పాను.

చెట్ల వరుసల మధ్య జాగా గురించి క్లుప్తంగా చెబుతాను. ఎర్ర నేల వాన చినుకు దెబ్బకు పైన పెచ్చు కడుతుంది. అడుగు వెడల్పున్న కేసింగ్ పైపు ముక్కను నేలలోకి దిగగొట్టి, అందులో సెంటీమీటరు ఎత్తు నీరు పోసి చూస్తే, పెచ్చు కట్టిన చోట అది ఇంకడానికి 25 నిమిషాలు పట్టింది. పెచ్చును చిదిపిన చోట 4 నిమిషాలు. జూన్ చివర వాలుకు అడ్డంగా సాళ్లు తీసి జనుము చల్లించాం. 45 రోజులకు, పూతకు ముందే, కోసి పాదుల్లో పరిపించాం. ఇంకా ఉంచితే చెట్టు తాగవలసిన నీటిని జనుమే తాగుతుంది.

ఫలితం

రెండో వేసవిలో చెట్లు ఏడాది పెద్దవయ్యాయి, అయినా మోటారు రోజుకు నాలుగున్నర గంటలకు మించి నడవలేదు. అంతకు ముందు వేసవిలో సగటున ఎకరాకు రోజుకు 7,168 లీటర్లు పోసేవారు, ఇప్పుడు 5,376 లీటర్లు. నాలుగో వంతు ఆదా. మధ్యాహ్నం ఆకు ముడత ఏప్రిల్ చివరి వారంలో తప్ప కనిపించలేదు. మే నెలలో బోరు ఇంకా తగ్గినప్పుడు, ఒండు కలిపిన 20 చెట్లకు రోజు విడిచి రోజు నీరు పెట్టి చూశాం, అవి నిలబడ్డాయి. పొట్టు మాత్రమే ఉన్న పక్క వరుసలో అలా చేస్తే రెండో రోజుకే ఆకు ముడిచింది. వాటికి వెంటనే రోజూ నీరు పునరుద్ధరించాం.

ఈ ఫలితంలో ఏ పని వాటా ఎంతో విడదీసి చెప్పమంటే, పెద్ద వాటా డ్రిప్పర్లు మార్చి నీరు రోజూ కొద్దికొద్దిగా పెట్టడానిదే. పొట్టు రెండోది. ఒండుది ఒక్కో చెట్టు మీద చూస్తే పెద్ద ప్రభావమే, కానీ పడే కూలిని బట్టి చూస్తే దాన్ని మూడో స్థానంలో ఉంచుతాను. రెండో బోరు మాట మళ్లీ రాలేదు.

మేము ఊహించని ఒక చిక్కు కూడా వచ్చింది. సాతుగుడిలో పూత ఒక్కసారిగా రావడానికి డిసెంబరులో నీళ్లు ఆపి చెట్టును బెట్టకు గురిచేస్తారు. ఈ నేలలో ఇదివరకు మూడు వారాలకే ఆకు వాలి, కొంత రాలేది. రెండో ఏడు డిసెంబరులో, ఒండు కలిపి పొట్టు పరిచిన చెట్లు నాలుగు వారాలైనా పచ్చగా నవనవలాడుతూ నిలిచాయి. నీరు దాచుకునే శక్తి పెరిగితే బెట్ట ఆలస్యమవుతుందని ముందే తట్టవలసింది. పొట్టును వలయం నుంచి పూర్తిగా వెనక్కి లాగించి, నేలకు ఎండ తగలనిచ్చాక మరో పది రోజులకు చెట్లు వాలాయి. ఆ 20 చెట్ల పూత తక్కిన తోటకంటె రెండు వారాలు వెనకబడింది. ఇప్పుడు నవంబరు ఆఖరుకే పొట్టును పక్కకు లాగి, బెట్ట ముగించి పూత కోసం నీరు ఇచ్చాక తిరిగి పరుస్తున్నారు.

నా పనిలో మారినవి

భూసార పత్రాన్ని చదవడానికి ముందు గుంత తీయడం ఇప్పుడు నాకు నియమం. పరీక్షకు మట్టి పంపేటప్పుడు, జల్లెడ మీద మిగిలిన గరుసును డబ్బాతో కొలిచి ఆ అంకెను పత్రం మీద చేత్తో రాసుకుంటాను. ఏ సలహా అయినా చెప్పబోయే ముందు అది చెట్టుకు ఎన్ని లీటర్లు కలిపి ఇస్తుందో లెక్క వేసి, ఆ చెట్టు రోజు దాహంతో పోల్చి రైతు ముందే చెబుతాను. ఈ తోటలో హైడ్రోజెల్ ఐదున్నర, ఎరువు మూడు, డ్రిప్పర్ల మార్పు ఇరవైకి పైన, ఒండు సగం వలయానికే ఇరవై. ఈ నాలుగు అంకెలు ఏప్రిల్‌లోనే రాసి ఉంటే మే నెలలో ఆ ఒండు పాదుల్లోకి వెళ్లేది కాదు. నల్లరేగడిలో ఇవే అంకెలు వేరుగా వస్తాయి. అక్కడ గరుసు ఉండదు, నేల కడుపు పెద్దది, రోజూ నీరు పెడితే వేరుకు గాలి ఆడక చెట్టు దెబ్బతింటుంది. అందుకే గంటన్నర అన్న మాటను ఈ తోట వరకే తీసుకోవాలని, ఇది చదివి తమ తోటలో అమలు చేయాలనుకునే రైతులను గట్టిగా కోరుతున్నాను.

పొట్టు సమస్య ఇంకా తేలలేదు. చెదలు ఒక్క ఏడాదిలో సగానికి పైగా తినేస్తున్నాయి, ఏటా కొత్తగా పరవాలి; ఇటుక బట్టీల వాళ్లు కూడా కొనుక్కుపోతుండడంతో ధర పెరుగుతోంది. ఈ ఏడు ఒక ఎకరాలో పొట్టుకు బదులు జనుము, కత్తిరించిన చీనీ రెమ్మలు కలిపి పరిచాం. 20 చెట్లకు తూర్పు వైపు వలయం పూర్తయింది. రెండో ఎకరాకు గాడులు తీయడం, కూలీలు దొరికిన మేరకు, ఈ అక్టోబరులో మొదలవుతుంది.